పేరుకు మూడు చక్రాలు, లెక్కకు నాలుగు: పక్క చక్రాల స్కూటర్ ఎడమకి ఎందుకు లాగుతుంది?

ప్రశ్న: చిన్నప్పుడు పోలియో వచ్చి నా కుడి కాలు చచ్చుబడింది. ఏడాదిన్నర కిందట 110 సీసీ గేర్లులేని స్కూటర్ కొని, రెండు పక్కలా చక్రాలు పెట్టించుకున్నాను. విశాఖలో గోపాలపట్నం నుంచి ద్వారకానగర్‌లోని షాపుకి రోజూ వెళ్లొస్తాను. ఆదివారాలు ఆర్కే బీచ్‌కి. ఇప్పటికి 11 వేల కిలోమీటర్లు తిరిగింది. ఈమధ్య బండి ఎడమకి లాగుతోంది. మా వీధి సిమెంటు ర్యాంపు తడిస్తే వెనక చక్రం గిర్రున తిరుగుతుందే గానీ బండి కదలదు. ముందు టైరు 9 వేలకే అరిగిపోయింది. దగ్గర్లో ఉన్న మెకానిక్ 'అటాచ్‌మెంట్ బళ్లు మేం ముట్టం' అంటాడు. ఇంట్లో చేసుకోగలిగినవి ఏమిటి? నేను కింద కూర్చోలేను, మా తమ్ముడు సాయం ఉంటాడు. (గోపాలపట్నం పాఠకుడు)

సమాధానం: మీది అందరూ మూడు చక్రాల బండి అనే రకమే గానీ లెక్కపెడితే నాలుగున్నాయి. ముందొకటి, వెనక నడుమ కంపెనీ ఇచ్చిన అసలుది, దానికి చెరో పక్క ఒకటి. ఇంజను తిప్పేది నడిమి చక్రాన్ని ఒక్కదాన్నే. వెనక బ్రేకు ఉన్నదీ దానికే. పక్క చక్రాలు మాత్రం బరువు మోస్తూ ఊరికే దొర్లుతుంటాయి. అంటే అవి ఎంత ఎక్కువ మోస్తే పని చేసే చక్రానికి నేల మీద పట్టు అంత తగ్గుతుంది. మీ ర్యాంపు గొడవకి మూలం ఇక్కడే ఉంది. ఎడమకి లాగడానికి కారణం వేరు. చాలామంది ఆ రెంటినీ కలిపేసి, కనబడిన స్ప్రింగునల్లా తిప్పి, ఉన్నది కూడా చెడగొట్టుకుంటారు.

ర్యాంపు సంగతి ముందు చూద్దాం. బండి, అటాచ్‌మెంట్ (పక్క చక్రాలు, వాటి ఫ్రేము), మీరు కలిపి 210 కిలోలు అనుకోండి. ర్యాంపు మీద మీటరు పొడవు కర్రని లెవెల్‌గా పట్టి, దిగువ కొస కింద ఖాళీ కొలవండి. 15 సెంటీమీటర్లు ఉంటే ఆ వాలు నూటికి 15. దాన్ని ఎక్కాలంటే నడిమి చక్రం సుమారు 31 కిలోల తోపు ఇవ్వాలి. తడిసిన సిమెంటు మీద రబ్బరుకి దొరికే పట్టు, దాని మీదున్న బరువులో దాదాపు సగం. నడిమి చక్రం మీద 48 కిలోలే ఉంటే వచ్చేది 24 కిలోల తోపు. ఎక్సలేటర్ ఎంత తిప్పినా బండి కదలదు, చక్రం తిరుగుతుంది, టైరు కాలుతుంది. అదే చక్రం మీద 65 కిలోలు ఉంటే 32 కిలోల తోపు వస్తుంది, అప్పుడు ఎక్కుతుంది. పాచి పడితే ఈ లెక్కలేవీ పనిచేయవు. బ్లీచింగ్ పౌడరు చల్లి గట్టి చీపురుతో రుద్దించండి. ర్యాంపు మళ్లీ వేయిస్తే, సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే అడ్డగీతలు గీయించండి.

ఏ చక్రం ఎంత మోస్తోందో ఇంట్లోనే తూచవచ్చు. ఒంటి బరువు చూసుకునే మిషన్ ఒకటి, దాని మందంలోనే ఉన్న చెక్కపలకలు మూడు కావాలి. లెవెల్‌గా ఉన్న గచ్చు మీద ఎడమ పక్క చక్రం కింద మిషను, మిగతా మూడు చక్రాల కింద పలకలు పెట్టాలి. గాజు మిషనైతే దాని మీద పలచటి చెక్క ఒకటి వేయండి, లేకపోతే పగులుతుంది. ఆ చెక్క మందాన్ని మిగతా మూడింటి కింద కూడా కలపాలి. మీరు రోజూ కూర్చున్నట్టే కూర్చుని, రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టి, బ్రేకు వదిలేయండి. మీ తమ్ముడు సీటుని వెనక నుంచి రెండుసార్లు కిందికి నొక్కి వదిలితే స్ప్రింగులు సర్దుకుంటాయి. అప్పుడు అంకె రాసుకోండి. మిషన్ని కుడి చక్రం కిందికి, ఆ తర్వాత నడిమి చక్రం కిందికి మార్చి, పలకలు సర్ది, మళ్లీ చూడండి. బండి తోసేది, ఆపేది తమ్ముడే. ముందు చక్రానికి అటూ ఇటూ ఇటుకముక్క అడ్డు ఉండాలి.

ఉదాహరణకి ఎడమ 41, కుడి 33, నడిమిది 48 వచ్చాయనుకోండి. మొత్తం 122. నడిమి చక్రానికి అందులో సగం కూడా రాలేదు. దాని మీద కనీసం సగమైనా ఉండాలి. ఇందుకోసం రెండు పక్క షాకబ్జర్లనీ ఒక్కో మెట్టు మెత్తబరచాలి. స్ప్రింగు అడుగున మెట్లు మెట్లుగా ఉండే ఉంగరాన్ని కొక్కెం పానాతో తిప్పితే స్ప్రింగు కాస్త సాగి వదులవుతుంది. రెండు పక్కలా సమానంగా మెట్లు తిప్పి, మళ్లీ తూచండి. మెట్లు అయిపోయినా సగానికి రాకపోతే, బిగించిన ప్లేటుకి పైన ఇంకో రంధ్రం ఉందేమో చూసి, పక్క చక్రాలని ఒక రంధ్రం పైకి ఎత్తించండి. స్ప్రింగు కోసి పొట్టి చేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. చుట్లు తగ్గిన స్ప్రింగు మెత్తబడదు, ఇంకా గట్టిపడుతుంది. గుంతలో పడ్డ దెబ్బంతా వెల్డింగు మీదికి వెళ్తుంది. అలాగని మరీ మెత్తగా పెట్టినా మలుపులో బండి పడవలా ఊగుతుంది. నడిమి చక్రం మీద 50 నుంచి 55 శాతం దగ్గర ఆగండి.

ఎడమకీ కుడికీ మధ్య 8 కిలోల తేడా ఉంది కదా, దాన్ని స్ప్రింగులతో సరిచేయడానికి చూస్తారు. అది ఎప్పటికీ కుదరదు. ముందు చక్రం, నడిమి చక్రం రెండూ మధ్య గీత మీదే ఉన్నాయి. కాబట్టి పక్క చక్రాల మధ్య తేడా వచ్చేది మధ్య గీతకి పక్కగా ఉన్న బరువు వల్లే. ఎడమ స్ప్రింగు బిగిస్తే పక్కల మొత్తం పెరిగి నడిమిది తగ్గుతుంది, తేడా మాత్రం 8 దగ్గరే ఉంటుంది. పక్క చక్రం మధ్య గీతకి 45 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 8 కిలోల తేడా అంటే 65 కిలోల మనిషి దాదాపు ఐదున్నర సెంటీమీటర్లు ఎడమకి జరిగి కూర్చున్నట్టు. కుడి కాలు బలం లేనివాళ్లు తెలియకుండానే ఎడమ పిర్ర మీద బరువు వేసి కూర్చుంటారు. మధ్యకి జరిగి కూర్చునేలా సీటు మీద చిన్న దిండు కుట్టించుకోవడం, టిఫిను సంచి, నీళ్ల సీసా, చేతికర్ర పెట్టే క్లిప్పు కుడి వైపుకి మార్చడం దీనికి మందు. రెండు మూడు కిలోల తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు.

ఇక ఎడమకి లాగడం. పక్కకి వంగిన బండికి ముందు చక్రం కూడా వంగుతుంది. వంగిన చక్రం అటే తిరగాలని చూస్తుంది. మామూలు స్కూటరైతే రోడ్డు ఎటు వాలినా మనిషి నిటారుగా నిలబెడతాడు. మీ బండి రోడ్డుతో పాటే వాలుతుంది. నీళ్లు పోవడానికి మన రోడ్లన్నీ ఎడమ అంచుకి వాల్చి వేస్తారు. ఎన్‌ఏడీ కూడలి దాటాక బీఆర్టీఎస్ రోడ్డులో ఎడమ అంచున పోతే కొంచెం లాగుడు సహజమే, ఎంత సరిచేసినా పోదు. అందుకే ముందు తప్పు రోడ్డుదా బండిదా అన్నది తేల్చాలి. సెలవురోజు పొద్దున్నే లెవెల్‌గా ఉన్న పెద్ద పార్కింగ్ స్థలంలో గంటకి 15 కిలోమీటర్ల వేగంతో నేరుగా వెళ్లి, హ్యాండిల్‌ని వేళ్లతో మాత్రం ముట్టుకుని ఎటు పోతుందో చూడండి. తిరిగి అదే గీత మీద ఎదురు దిశలో రండి. వెళ్లేటప్పుడు ఎడమకి, వచ్చేటప్పుడు కుడికి లాగితే నేల వాలు. రెండుసార్లూ ఎడమకే లాగితే బండిలోనే ఉంది తేడా.

బండిదే అని తేలితే వరస ఇది. మొదట గాలి. మీ తరహా స్కూటర్లకి సాధారణంగా ముందు 22, వెనక 29 పీఎస్‌ఐ దగ్గర ఉంటుంది. మీ బండి పుస్తకంలో ఉన్న అంకెనే పట్టుకోండి. పక్క టైర్ల విషయంలో అంకె కన్నా రెండూ సమానంగా ఉండటం ముఖ్యం. చిన్న టైరులో గాలి కొంచెమే ఉంటుంది కాబట్టి 5 పీఎస్‌ఐ దిగినా బండి ఆ పక్కకి కూర్చుంటుంది. పంక్చరు షాపు గేజిని నమ్మకుండా జేబులో సొంత గేజి ఒకటి ఉంచుకోండి. వారానికోసారి, పొద్దున్న బండి తీయకముందు చూడాలి. ఎండలో బండి నడిపొచ్చాక చూస్తే అంకె ఎక్కువ చూపిస్తుంది.

రెండోది ఒరుగు. మీరు బండి మీద కూర్చుని ఉండగా తమ్ముడు ఫుట్‌బోర్డు ఎడమ అంచు నుంచి నేలకి, కుడి అంచు నుంచి నేలకి టేపుతో కొలవాలి. 5 మిల్లీమీటర్ల లోపు తేడా ఉంటే సరే. ఎడమ పక్క కిందికి ఉంటే ఎడమ షాకబ్జర్ ఒక మెట్టు బిగించి, కుడిది ఒక మెట్టు వదలండి. మొత్తం మారదు గనుక నడిమి చక్రం బరువు అలాగే ఉంటుంది. స్ప్రింగుల మెట్లు రెండు పక్కలా వేర్వేరుగా పెట్టాల్సిన చోటు ఇదొక్కటే.

మూడోది, పక్క చక్రాలు నడిమి చక్రానికి సమాంతరంగా ఉన్నాయా అన్నది. ఇది చూపుకి తెలియదు. హ్యాండిల్ నేరుగా ఉంచి, నడిమి చక్రం రిమ్ము ముందు అంచు నుంచి ఎడమ చక్రం రిమ్ము ముందు అంచుకి దూరం కొలవండి. అలాగే వెనక అంచుల మధ్య. మధ్యలో మడ్‌గార్డో షాకబ్జరో అడ్డొస్తే యాక్సిల్ ఎత్తుకి కాస్త కిందుగా కొలవండి, ముందూ వెనకా ఒకే ఎత్తులో ఉంటే చాలు. తేడా 2 మిల్లీమీటర్లు దాటకూడదు. కుడి పక్క కూడా ఇలాగే. టేపు లేని చోట టైరే చెబుతుంది. పక్క టైరు మీద అరచేతిని లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి రాయండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపంలా గరుగ్గా తగిలితే ఆ చక్రం వంకరగా ఈడ్చుకుపోతోంది. ప్లేటు బోల్టుల దగ్గర వాషర్లు పెట్టి సరిచేయగలిగితే ఇంట్లో చేయొచ్చు. పైపే వంగి ఉంటే అది వెల్డింగు షాపు పని.

నాలుగోది బేరింగు. పక్క చక్రాన్ని జాకీతో ఎత్తి చేత్తో తిప్పండి. మూడు నాలుగు చుట్లు చప్పుడు లేకుండా తిరగాలి. గరగరమంటే, రెండో చుట్టుకే ఆగితే, లేదా పైన కింద పట్టుకుని ఊపితే టకటకమని ఆడితే బేరింగు అయిపోయింది. బేరింగు అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది. 6202 అని ఉంటే లోపలి రంధ్రం 15, బయటి వ్యాసం 35, మందం 11 మిల్లీమీటర్లు. నంబరు తర్వాత జడ్‌జడ్ అని ఉంటే ఇనుప మూత, 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు పక్కలా రబ్బరు సీలు. ఉప్పుగాలికీ వాననీటికీ మన ఊళ్లో రబ్బరు సీలుదే కొనండి, ధరలో తేడా పెద్దగా ఉండదు. హబ్బు లోపల రెండు బేరింగుల మధ్య ఒక పైపుముక్క ఉంటుంది. విప్పినప్పుడు అది దొర్లిపోయి, తిరిగి వేయడం మరిచిపోయి, నట్టు బిగించాక చక్రం తిరగక మళ్లీ కొత్త బేరింగులు కొన్నవాళ్లు ఎందరో. ఆ పైపే నట్టు బిగువుని మోస్తుంది. అది లేకపోతే రెండు బేరింగులూ ఒకదానికేసి ఒకటి నొక్కుకుని పట్టేస్తాయి. కొత్తది దించేటప్పుడు బయటి రింగు మీదే కొట్టాలి. పాత బేరింగునే పైన పెట్టి సుత్తితో మెల్లగా దించితే సరిపోతుంది. లోపలి రింగు మీద ఒక్క దెబ్బ పడినా గోళీల దారిలో నొక్కు పడుతుంది.

ముందు టైరు త్వరగా అరగడం మీ తప్పు కాదు. రెండు చక్రాల బండి వంగి మలుపు తిరుగుతుంది. మీది వంగదు. బండిని తిప్పే పనంతా ముందు టైరు పక్కకి రాసుకుంటూ చేస్తుంది. అందుకే ఈ బళ్లకి ముందు టైరు తొందరగానే పోతుంది. గాలి తక్కువుంటే, నిలబడ్డ చోట హ్యాండిల్ తిప్పే అలవాటుంటే ఇంకా ముందే. బండి పిసరంత కదులుతుండగా తిప్పండి, చేతికీ సుఖం. స్టీరింగు కోన్ సెట్టుకి (హ్యాండిల్ తిరిగే చోట ఉండే గోళీల సెట్టు) కూడా ఇదే బాధ. ముందు చక్రం ఎత్తి హ్యాండిల్ తిప్పినప్పుడు మధ్యలో 'టక్' మని ఒక గాడిలో పడినట్టుంటే కోన్ సెట్టు మార్పించాలి. ఆ పని మామూలు మెకానిక్ చేస్తాడు, అటాచ్‌మెంట్‌కి సంబంధం లేదు.

వంగని బండి ఎక్కడ బోల్తా పడుతుందో తెలుసుకోవడం టైరు కన్నా ముఖ్యం. పక్క చక్రాల మధ్య 90 సెంటీమీటర్లు ఉన్నా బండి పల్టీ కొట్టేది ముందు చక్రానికీ బయటి పక్క చక్రానికీ మధ్య గీసిన ఏటవాలు గీత మీద. అంటే మీకు దన్నుగా దొరికేది 45 సెంటీమీటర్లు కాదు, దాదాపు 26. పది మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో, అంటే మామూలు వీధి మలుపులో, గంటకి 22, 23 కిలోమీటర్ల దగ్గర బండి పల్టీ కొట్టే స్థితికి వస్తుంది. 15 దాటకుండా తిరగండి. బ్రేకు మలుపుకి ముందే వేసి వదలాలి. మలుపులో బ్రేకు వేస్తే బరువు ముందుకి, అంటే దన్ను తక్కువగా ఉన్న కొస వైపుకి పోతుంది. ఒంటిని మలుపు లోపలికి వంచండి. వెనక సీటు మీద పిల్లలుంటే వాళ్లకీ అదే నేర్పండి. ఇంతకుముందు రెండు చక్రాల బండి నడిపిన అలవాటున్నవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి: వేగంలో హ్యాండిల్‌ని ఎటు నెడితే బండి అటు వంగి తిరిగే పద్ధతి దీనికి లేదు, ఎటు తిప్పితే అటే పోతుంది.

గుంతల సంగతి చెప్పక్కర్లేదు, మీకు మూడు జాడలు. ఒక గుంతని నడిమి చక్రం తప్పించుకుంటే పక్కది దిగుతుంది. లోతైన దాన్ని ఏదో ఒక పక్కకి పూర్తిగా వదిలేసి పొండి. స్పీడు బ్రేకర్‌ని మాత్రం నేరుగా, రెండు పక్క చక్రాలూ ఒకేసారి ఎక్కేలా దాటండి. ఏటవాలుగా ఎక్కిస్తే ఫ్రేము మెలితిరుగుతుంది, వెల్డింగు పగుళ్లు మొదలయ్యేది అలాగే.

పార్కింగ్ చేసేటప్పుడు ఏమరకండి. స్టాండు అవసరం లేదు కదా అని బండి దిగి వెళ్లిపోతారు. ఈ స్కూటర్లని గేరులో పెట్టి వదిలే వీలు లేదు, ఇంజను ఆగితే వెనక చక్రం స్వేచ్ఛగా దొర్లుతుంది. ఎడమ బ్రేకు లివరు లాక్ వేయండి, పైగా చెక్క చీలికలు రెండు డిక్కీలో ఉంచుకుని పల్లం వైపు చక్రాల కింద పెట్టండి. కేబులు సాగితే లాక్ మెల్లగా వదులుతుంది. ఇంకో మాట: రివర్సు లేని బండిని ముక్కు పల్లానికి పెట్టి ఆపితే, వెనక్కి తీయడానికి ఎవరినో పిలవాలి. ఎప్పుడూ ముక్కు బయటికి, లేదా ఎత్తు వైపుకి ఉండేలా ఆపండి.

హనుమంతవాక నుంచి ఎండాడ వైపు ఎక్కేటప్పుడు, సింహాచలం ఘాట్ ఎక్కేటప్పుడు లోపల బెల్టు, క్లచ్చి కష్టపడతాయి. బయల్దేరేటప్పుడు బండి వణికితే క్లచ్చి షూలు గాజులా నున్నబడ్డాయని అర్థం. కంపెనీలు బెల్టుకి 20 వేల కిలోమీటర్ల పైన చెబుతాయి గానీ అటాచ్‌మెంట్ బరువు మోసే బండికి 12 వేల దగ్గరే మూత తీయించి చూడటం నయం. మీది ఇంచుమించు ఆ దగ్గరకి వచ్చింది. బెల్టు లోపలి పళ్ల మధ్య పగుళ్లుంటే మార్పించండి. ఘాట్ దిగేటప్పుడు వేగం బాగా తగ్గితే క్లచ్చి వదిలేస్తుంది, అప్పుడు ఇంజను పట్టు ఉండదు, భారమంతా రెండు బ్రేకుల మీదే. పక్క చక్రాలకి బ్రేకులు లేవని గుర్తుంచుకుని 25, 30 దాటకుండా, నొక్కి వదులుతూ దిగండి. మాడు వాసన వస్తే పక్కన ఆపి పావుగంట చల్లారనివ్వాలి, నీళ్లు పోయకూడదు.

బ్రేకు లివరు కొసలో 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. ఎక్కువైతే వెనక చక్రం దగ్గరున్న నట్టుని అర చుట్టు చొప్పున బిగించండి. డ్రమ్ము బ్రేకైతే చక్రం దగ్గర డ్రమ్ముకి ఉన్న లివరు మొదట్లో చిన్న బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు అది డ్రమ్ము మూత మీది గీతకి చేరితే షూలు మార్చాల్సిందే, ఇంకా బిగించుకుంటూ పోవద్దు. ఇంజను ఆయిలు మీ తరహా బండికి 10డబ్ల్యూ-30, ఎంబీ గ్రేడు, సుమారు 700 మిల్లీలీటర్లు పడుతుంది. వెనక గేరు పెట్టెలో విడిగా 120 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. ఈ కొలతలు బండిని బట్టి కాస్త మారతాయి, మీ పుస్తకం చూసుకోండి.

బీచ్ నుంచి వచ్చిన రోజు రాత్రి బండి అలాగే వదిలేయకండి. బకెట్టు మంచినీళ్లు, మగ్గు, పాత గుడ్డ చాలు. పక్క చక్రాల ఫ్రేము కింది వైపు, పైపుల అతుకులు, ప్లేటు బోల్టులు కడిగి తుడవండి. సర్వీసింగ్ షాపు ప్రెషర్ పైపుని హబ్బుల మీద పెట్టనివ్వకండి. సీలు దాటి నీళ్లు లోపలికి పోతాయి. ఉప్పు ముందు తినేది వెల్డింగునే, ఎందుకంటే అక్కడ పెయింటు పలచగా అంటుకుంటుంది.

రెండు నెలలకోసారి వెల్డింగు పరీక్ష ఇలా చేయండి. అతుకు దగ్గర మట్టి, నూనె పూర్తిగా తుడవాలి. కిరసనాయిలు, దొరక్కపోతే డీజిలు బ్రష్షుతో పూసి, పది నిమిషాలు ఆగండి. పొడిగుడ్డతో బాగా తుడిచేసి, పైన తెల్ల సుద్దముక్క పొడిలా రుద్దండి. పగులు లేకపోతే సుద్ద తెల్లగానే ఉంటుంది. ఉంటే, అందులో దూరిన నూనె మెల్లగా పైకి వచ్చి సుద్ద మీద సన్నటి తడి గీత గీస్తుంది, వెంట్రుకంత పగులైనా సరే. ఎక్కువగా కనబడేది పైపు ప్లేటుతో కలిసే చోట, షాకబ్జర్ చెవి దగ్గర. గీత కనబడితే ఆ బండి నడపొద్దు. వెల్డింగు చేయించే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, ఇంజెక్షన్ బండైతే ఈసీయూ (ఇంజెక్షన్‌ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) కనెక్టరు కూడా తీయించండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే బీఎస్-6 స్కూటర్లకి ఇది మరీ అవసరం. వెల్డింగు కరెంటు దారి తప్పితే ఆ చిన్న పెట్టె కాలిపోతుంది. అతుకు చల్లారాక ఎర్ర ఆక్సైడు ప్రైమరు, అది ఆరాక పెయింటు.

బోల్టులు అన్నీ బిగించాక ఒక్కో నట్టు నుంచి ప్లేటు మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీయించండి. తర్వాత రోజూ దూరం నుంచి చూస్తే చాలు. గీత విరిగితే నట్టు తిరిగింది. మీరు కింద కూర్చోనక్కర్లేని పరీక్ష ఇదే. నట్లు లోపల నైలాను రింగు ఉన్నవి వాడండి, ఒకసారి విప్పినవి మళ్లీ వేయొద్దు. బోల్టు తల మీద 8.8 గానీ అంతకన్నా పెద్ద అంకె గానీ లేకపోతే అది సామాన్ల షాపు మెత్త ఇనుము, తీసేయండి.

పక్క టైరు పంక్చరైతే ఒక జాగ్రత్త. చాలా బళ్లకి పక్కన పాత స్కూటర్ల తరహా రెండు ముక్కల రిమ్ములు వేస్తారు. వాటికి రెండు రకాల నట్లుంటాయి: హబ్బుకి పట్టేవి, రెండు రిమ్ముముక్కల్ని కలిపేవి. గాలి ఉండగా రెండో రకం విప్పితే రిమ్ము ముఖం మీదికి లేస్తుంది. ముందు వాల్వు పిన్ను తీసేయండి, బుస్సుమన్న శబ్దం పూర్తిగా ఆగాకే పానా పెట్టండి.

కాగితాల గురించి ఒక్క మాట. చక్రాలు పెట్టించిన మార్పు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది, ఆర్‌టీఓ ఆఫీసులో ఆర్‌సీ మీద నమోదు కావాలి. ఇన్సూరెన్స్ కంపెనీకీ చెప్పి పాలసీలో రాయించండి. మీ లైసెన్సు కూడా దివ్యాంగుల కోసం మార్చిన వాహనం అన్న తరగతిలోనే ఉండాలి.

మెకానిక్ ముట్టనన్నది అటాచ్‌మెంట్ విషయంలో మాత్రమే అయితే ఇంజను, బెల్టు, కోన్ సెట్టు, బ్రేకు పనులకి నిస్సంకోచంగా తీసుకెళ్లండి. అవి మామూలు స్కూటరువే. ఫ్రేము పనికి మంచి ఫాబ్రికేషన్ షాపు వెతుక్కోండి. గాలి, ఒరుగు, సమాంతరం, బేరింగు అన్నీ సరిచేశాక కూడా లెవెల్ నేల మీద రెండు దిశల్లోనూ ఎడమకే పోతుంటే, నడిమి చక్రానికి రెండు పక్కలా నేలకి సమాంతరంగా దారం లాగి ముందు చక్రం దాకా పట్టండి. నేరుగా పెట్టిన ముందు చక్రం రెండు దారాలకీ సమాన దూరంలో లేకపోతే ఛాసిస్సే వంగింది. అటు ఎన్ని మిల్లీమీటర్లు, ఇటు ఎన్ని అన్నది కాగితం మీద రాసి షాపువాడి చేతికివ్వండి. 'ఎడమకి లాగుతోంది' అని మాత్రమే చెబితే అతనూ స్ప్రింగే తిప్పుతాడు.